ఇన్నయ్య తరఫున ఒక్క మాట

కోటప్పకొండ మీద ఒట్టు, మాచర్ల చెన్నకేశవస్వామి మీద ఒట్టు. కింద రాసిందంతా అక్షరాలా జరిగింది. మా ఆవిడ మీద కూడా ఒట్టు వేద్దామనుకున్నాను గానీ ఆవిడ ఒప్పుకోలేదు. శ్రీశైలం అడవిలో పులి నాకు దారి చూపించిందని రాసినప్పుడు తన మీదే ఒట్టు వేశాననీ, ఆ తర్వాత ఆర్నెల్లు మోకాళ్లు పట్టేశాయనీ గుర్తుచేసింది. అంచేత దేవుళ్లతో సరిపెడుతున్నాను. వాళ్లకు అలవాటే.

మాచర్లలో ఏటా ఎండాకాలం, మిరపకాయలు యార్డుకు వెళ్లిపోయి, పత్తి గింజలు ఇంకా పొలానికి రాని రోజుల్లో, ఒక ఆటల మేళా జరుగుతుంది. మేళా అంటే రంగులరాట్నం ఊహించుకోకండి. ఒక మోస్తరు ఫంక్షన్ హాలు. వేదిక మీద పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూచునే ఎర్ర సింహాసనాలు అలాగే ఉంటాయి, వాటి మీద మేం సంచులు పెట్టుకుంటాం. కింద చాపల మీదా, ప్లాస్టిక్ కుర్చీల్లోనూ కూచుని పులి-మేక, అష్టాచెమ్మా, వామనగుంటలు, చదరంగం ఆడతాం. కరోనా రోజుల్లో ఇంట్లో ఊపిరాడక వాట్సాప్‌లో పులి-మేక ఎత్తులు పంపుకున్నవాళ్లం కొందరం, బయట తిరగనిచ్చాక ఒకరి మొహాలు ఒకరం చూసుకుందామని మొదలుపెట్టింది ఇది. తెనాలి నుంచి వెళ్లేది నేనొక్కణ్ణే. మా ఊళ్లో చెబితే, ఆటలాడ్డానికి అంత ఎండలోకా అని నవ్వుతారు. పేకాటనుకుని ఒకరిద్దరు గుట్టుగా అడ్రసు అడుగుతారు.

ఈ ఏడు నేను వెళ్లింది ఆట కోసం కాదు, ఇన్నయ్య కోసం. ఇన్నయ్యది రెంటచింతల. ఆటో మీద మైకు పెట్టుకుని ఊళ్లమ్మట ప్రకటనలు చెప్పడం అతని పని. విత్తనాలొచ్చాయన్నా, కొత్త బట్టల షాపు తెరిచారన్నా, ఎవరైనా పోయారన్నా ఆ చుట్టుపక్కల జనానికి అతని గొంతులోనే తెలియాలి. ఆదివారం అతను చర్చి నుంచి వచ్చాక మేమిద్దరం ఫోన్లో పులి-మేక ఆడేవాళ్లం. అతని బోర్డు అతని ముందు, నాది నా ముందు, మధ్యలో మాట. మొన్న చలికాలం గొంతులో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేసి గడ్డతోపాటు గొంతూ తీసేశారు. ఈసారి మేళాకు రాలేనని భార్య మరియమ్మ చేత ఫోన్ చేయించాడు. ఇప్పుడు బోర్డు ముందు కూచోకపోతే ఇక ఎప్పటికీ కూచోడని నాకు అనిపించింది. ఎలాగైనా అతన్ని లాక్కెళ్లి ఒక ఆట ఆడించాలి. అదీ నేను బయల్దేరిన పని.

నరసరావుపేట

మా తెనాలిలో మే నెల అంటే కాలవలో నీళ్లు తగ్గడం. పల్నాడులో మే నెల అంటే మనిషి తగ్గడం. నరసరావుపేట బస్టాండులో దిగబోతే కుడికాలి చెప్పు నాతో రాలేదు. అడుగు కరిగి బస్సు మెట్టుకు అతుక్కుపోయింది. కండక్టరూ నేనూ, వెనకాల దిగాల్సిన ఇద్దరు ఆడవాళ్లూ కలిసి లాగినా ఊడలేదు. బస్సు మనకోసం ఆగదు కదా. చెప్పు దాని దారిన అది వినుకొండ వెళ్లిపోయింది. ఆ బస్సెక్కే జనం ఇప్పటికీ దాని మీదే కాలు పెట్టి ఎక్కుతున్నారని తెలిసినవాళ్లు చెప్పారు.

ఒంటి చెప్పుతో కోటేశ్వరరావు శెట్టిగారి కొట్టుకు వెళ్లాను. పూజ సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం ఆయనది. మేళాకు హాలు మాట్లాడేదీ, భోజనాలు పెట్టించేదీ, తగువులు తీర్చేదీ కూడా ఆయనే. నా కాళ్లకేసి చూసి, ఏమీ అడక్కుండా ఎదుటి షాపు నుంచి చెప్పులు తెప్పించాడు. నన్ను ఎరిగినవాళ్లు కారణాలు అడగరు. టీ వచ్చింది. మా వైపు అడక్కుండానే కాఫీ ఇస్తారు. ఇక్కడ కాఫీ కావాలంటే, ఒంట్లో బాగాలేదా అన్నట్టు చూస్తారు. టీ పది రూపాయలు, గ్లాసు బొటనవేలంత, అందులో పంచదార మాత్రం మా ఇంట్లో పాయసానికి సరిపడా.

శెట్టిగారి మొహం ఈసారి వాడిపోయి ఉంది. వినుకొండ మాస్టారు పోయారట. పిడుగురాళ్ల అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర తగువు పడ్డారట, ఒకణ్ణి పిలిస్తే రెండోవాడికి కోపమని ఇద్దర్నీ పిలవలేదు. కుర్రాళ్లు కొందరు, ఫోన్లో ఎవడో ఒకడు దొరుకుతాడు గదా, ఎదురుగా మనిషెందుకు అంటున్నారట. హాలు వాళ్లు కూడా వచ్చే ఏడు ఆ వారంలో ముహూర్తాలున్నాయని నసుగుతున్నారు. ఇదే ఆఖరిదేమోనని ఆయన అగరుబత్తీల కట్టతో చెప్పినట్టు చెప్పాడు, నాతో కాదు.

ఇన్నయ్య మాట ఎత్తాను. ఆయన కర్పూరం డబ్బాలు సర్దడం మొదలుపెట్టాడు.

"తీసుకురా, కళ్లారా చూద్దాం. ఆట అంటేనే ఎట్టా అని. నోరు లేదు గదయ్యా."

ఇక్కడ పల్నాటి పద్ధతి చెప్పాలి. పులి-మేకలో మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీంచి దూకి తినాలి. మేకలు పులులను కదలకుండా చుట్టుముట్టాలి. మా తెనాలిలో పులులన్నీ ఇరుక్కుంటే మేకలవాడు కళ్లెగరేస్తాడు, అంతే, ఆట అయిపోయినట్టే. మాచర్ల మేళాలో అలా కుదరదు. ఇరికించినవాడు నోటితో "కట్టు" అనాలి. పులులవాడు మూడుసార్లు, ఏమన్నా చెప్పేదుందా అని అడుగుతాడు. మూడోసారికీ మాట రాకపోతే పులి ఇరుక్కోనట్టే లెక్క. అప్పుడు మళ్లీ మేకే జరగాలి, జరిగితే దారి తెరుచుకుంటుంది, పులి దూకుతుంది. అందరూ చూస్తూనే ఉన్నారు గదా, పులికి దారి లేదని తెలుస్తూనే ఉంది గదా అని నేను మొదటి ఏడు వాదించాను. కళ్లు చూసింది సాక్ష్యం కాదు, నోరు చెప్పిందే సాక్ష్యం అన్నారు. ఈ ఒక్క విషయంలో వాళ్లను ఎవరూ కదపలేరు.

ఇన్నయ్య "కట్టు" అంటే అది పొట్టలోంచి లేచేది. మైకు అలవాటు గనక చివర సాగి, హాలు గోడకు తగిలి తిరిగొచ్చేది. ఒక ఏడు అతను ఆ మాట అన్నప్పుడు బయట రోడ్డు మీద గడ్డిలారీ ఆగింది. డ్రైవరు దిగి, తాళ్లు వదులయ్యాయేమోనని నాలుగు వైపులా చూసుకుని మరీ వెళ్లాడు.

గురజాల మీదుగా

మర్నాడు పొద్దున బస్సులో నా పక్కన గురజాల దాకా పోయే రైతు కూచున్నాడు. ఎందాకా అన్నాడు. మాచర్ల, మూడు పులుల్ని పట్టుకోడానికి అన్నాను. ఫారెస్టోళ్లా అని కాస్త మర్యాదగా జరిగాడు. కాదు, మేకలం అన్నాను. ఆయన లేచి వెనక సీటుకు వెళ్లిపోయాడు.

దారంతా రెండు వైపులా నల్లరేగడి పర్రెలు విచ్చి ఉంది. మా డెల్టా పొలం ఎండినా ఎక్కడో ఒక బోదెలో తడి కనిపిస్తుంది. ఇక్కడ భూమి నోరు తెరిచి ఉంటే చూసేవాడికి దాహం వేస్తుంది.

రెంటచింతల

రెంటచింతల ఎండ గురించి పేపర్లో ఏటా వేస్తారు గనక నేను ఎక్కువ చెప్పను. మిగతా ఊళ్లలో కుక్కలు నీడ కింద పడుకుంటాయి. ఇక్కడ నీడే కుక్కల కిందికి దూరి పడుకుంటుంది. నా కళ్లతో చూశాను.

ఇన్నయ్య వసారాలో నాపరాయి అరుగు మీద కూచుని ఉన్నాడు. మెడకు తెల్లటి గుడ్డ. సగమైపోయాడు. నన్ను చూసి లేచి, నోరు తెరిచాడు. అలవాటు. తెరిచి, ఏమీ లేక మూశాడు.

నాకు భయమేసి చెప్పు కథ మొదలుపెట్టాను. వినుకొండ దాటించి మార్కాపురం దాకా తోలుకుపోయాను దాన్ని. ఇన్నయ్య భుజాలు ఊగాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వుకు చప్పుడు లేకపోతే అది నవ్వో ఏడుపో ఎదుటివాడికి తెలియదు. కథ మధ్యలో ఆపేశాను.

మరియమ్మ నాకు జొన్నరొట్టె, గోంగూర, రోట్లో నూరిన పచ్చిమిరపకాయల కారం పెట్టింది. మేం కారం అన్నానికి రంగు కోసం వేసుకుంటాం, వీళ్లు కారానికి తోడుగా తిండి తింటారు. నా చెవుల్లోంచి ఆవిరి వస్తుంటే ఆమె మజ్జిగ పోసింది. ఇన్నయ్య నా కంచంలోకి చూస్తూ, కొంచెం కొంచెంగా జావ తాగాడు. పోయిన ఏడు ఇదే అరుగు మీద నా వాటా రొట్టె కూడా తనే తినేశాడు.

అతను చేయి కడుక్కోడానికి లేచినప్పుడు మరియమ్మ చెప్పింది.

"ఆస్పత్రోళ్లు ఒక మిషను ఇచ్చారన్నా. మెడకు ఆనిచ్చి మాట్టాడితే మాటొస్తదంట. ఒక్కసారి ఆనిచ్చాడు. మరియమ్మా అన్నాడు. రేకుడబ్బాలో కందిరీగ మాట్టాడినట్టుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది. మళ్లా ముట్టుకోలా."

నేను ఇన్నయ్యను మేళాకు రమ్మన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఊరికే చూసిపోదాం అన్నాను. ఊపాడు. నువ్వు రాకపోతే శెట్టిగారు మేళా ఎత్తేస్తానన్నాడని చెప్పాను. నమ్మలేదు. చివరికి, మేళాలో మాతో ఆడే ఈపూరు సీతారావమ్మ గారు నువ్వు తన పులులకు జడిసి గొంతు వంక పెట్టుకున్నావని అందరితో అంటోందని చెప్పాను. ఇన్నయ్య లేచి లోపలికి వెళ్లి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

గుమ్మం దగ్గర మరియమ్మ నన్ను ఆపింది.

"ఈపూరామె అట్టా అన్నదా నిజంగా?"

లేదన్నాను.

"నాకు తెలుసులే. తీసుకుపో. ఆడ నవ్వులపాలు మాత్రం చెయ్యొద్దన్నా ఆయన్ని."

బస్సు కోసం నిలబడి ఉండగా నెత్తిన మైకుతో ఆటో ఒకటి వచ్చింది. అందులోంచి ఇన్నయ్య గొంతు. పోయిన ఏడు చెప్పిన పత్తి విత్తనాల ప్రకటన, రికార్డు చేసి ఉంచినట్టున్నారు, దాన్నే తిప్పుతున్నారు. రైతు సోదరులకు మనవి అని మొదలై, ఆ గొంతు మా ముందు నుంచే నెమ్మదిగా పోయింది. పక్కన నిలబడ్డ పొరుగూరి ఆడమనిషి ఇంకొకామెతో, గొంతు పోయిందన్నారే, బాగానే చెప్తన్నాడుగా అంది. మనిషి పక్కనే ఉన్నాడని ఆమెకు తెలియదు. ఆటో మలుపు తిరిగి వినపడకుండా పోయేదాకా ఇన్నయ్య తన కాలివేళ్లు చూసుకుంటూ నిలబడ్డాడు. నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక కథ ఉంటుంది. అప్పుడు లేదు.

మాచర్ల

హాల్లో సగం కుర్చీలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. హైదరాబాదులో ఉద్యోగం చేసే గురజాల అమ్మాయి ఒకతె పెద్ద అట్టపెట్టెలో కొత్త ఆట తెచ్చింది. పొలాలు, కరువులు, చీడలు బొమ్మలుగా గీసిన కార్డులు. అందులో ఎదుటివాడితో పోటీ లేదట, అందరూ కలిసి కరువు మీద గెలవాలట. కారంపూడి రైతు ఒకాయన అంతా శ్రద్ధగా విని, "అందరం గెలిస్తే మరి ఓడేది ఎవుడమ్మా?" అన్నాడు. కరువు అంది ఆ పిల్ల. "అది ఎప్పుడన్నా ఓడిందా?" అని ఆయన లేచి అష్టాచెమ్మా దగ్గరికి పోయాడు. ఆ పిల్ల కార్డులు మళ్లీ పెట్టెలో సర్దుకోవడం చూస్తే నాకు జాలేసింది. వెళ్లి ఒక ఆట ఆడాను. కరువే గెలిచింది.

ఇన్నయ్య చుట్టూ అందరూ చేరారు. చేతులు పట్టుకున్నారు, బాగున్నావా అన్నారు, జవాబు రాకపోయేసరికి ఒక్కొక్కరే జారుకున్నారు. కొందరు అతనికి చెవుడు కూడా వచ్చిందన్నట్టు గట్టిగా అరిచి మాట్లాడారు.

ఆటల జతలు కట్టేటప్పుడు తగువు వచ్చింది. ఇన్నయ్య పేరు రాయాలా వద్దా? బల్ల మీద కొడితే చాలదా అన్నారు ఒకరు. రేపు అందరూ బల్లలే కొడతారు అన్నారు ఇంకొకరు. శెట్టిగారు గడ్డం గోక్కున్నాడు. ఇన్నయ్య పంచాయితీకి పిలిపించిన మనిషిలా కుర్చీ అంచున కూచున్నాడు.

అప్పుడు సీతారావమ్మ గారు నోరు తెరిచింది. ఈపూరు దగ్గర సొంత సేద్యం ఆమెది, భర్త పోయాక ఆమే చూసుకుంటోంది. ఎప్పుడూ పులులే ఆడుతుంది. ఆమె మేకలు ముట్టుకోగా ఎవరూ చూడలేదు. పద్ధతి అంటే పద్ధతే అనే మనిషి. ఆమె నోరు తెరవగానే ఇక ఇన్నయ్యను ఇంటికి తీసుకుపోవాల్సిందే అనుకున్నాను.

"సంతలో ఎద్దులు కొన్నప్పుడు మా నాయన నోరెత్తాడా? గుడ్డ కింద చేతులు కలిపి వేళ్లు నొక్కుకునేవాళ్లు. పక్కనున్న మారుబేరగాడు బయటికి చెప్పేవాడు. ఆ బేరం కాదన్నోడు ఉన్నాడా ఈ పల్నాటిలో?"

శెట్టిగారు గడ్డం మీంచి చేయి తీశాడు.

"అట్నే కానీయండి. ఈయన వేలు నొక్కాల, ఇంకొకరు నోటితో చెప్పాల. నొక్కకుండా చెప్తే మాత్రం అది మాట కాదు."

నోరెవరు అని శెట్టిగారు అడిగాడు. ఇన్నయ్య నన్ను చూపించాడు.

హాలంతా నవ్వింది. "ఈ అబ్బాయి నోరా?" అంది సీతారావమ్మ గారు. "ఈయన చెప్తే నిజం కట్టు కూడా అబద్ధమై కూచుంటది." నేనూ నవ్వాను. ఇన్నయ్య నవ్వలేదు. చూపించిన వేలు దించలేదు.

శెట్టిగారు తన భుజం మీది తువ్వాలు ఇచ్చాడు. నా కుడిచేయి, ఇన్నయ్య ఎడమచేయి దాని కింద. అతను కుడిచేత్తో మేకలు జరుపుతాడు. పులులు ఇరుక్కోగానే నా రెండు వేళ్లు నొక్కుతాడు. అదీ ఒప్పందం.

మొదటి ఆట శెట్టిగారితోనే. ఇన్నయ్య మేకలను పెట్టడం చూడాలి. తొందర ఉండదు, ఒక మేకను పులి నోటికి ఎరగా వదిలేసి, అది తిని తిరిగేలోపు వెనక తలుపు వేసేస్తాడు. ఆఖరి పులి ఇరుక్కుంది. నా వేళ్లు పిండినట్టు నొక్కాడు. "కట్టు" అన్నాను మామూలుగా. చప్పట్లు కొట్టారు. ఇన్నయ్య నాకేసి చూసి కళ్లు ఆర్పాడు. ఆరోజు అతను మజ్జిగన్నంలో ఇంకొంచెం పెరుగు పోయించుకుని తిన్నాడు. ఈ ప్రయాణంలో నాకు మంచిగా అనిపించిన పూట అదొక్కటే, మధ్యాహ్నం భోజనం దగ్గర్నించి టీ వేళ దాకా.

టీ తర్వాత రెండో ఆట. కారంపూడి రైతుతో. ఇన్నయ్య ఇంకా తొందరగా ముగించాడు. వేళ్లు నొక్కగానే నాలో పాత పురుగు కదిలింది. నోటికి పని దొరికితే ఊరుకోలేని జన్మ. లేచి నిలబడి, పొట్ట నింపుకుని, చివర సాగదీసి, గోడకు తగిలేలా అచ్చం ఇన్నయ్య లాగే అన్నాను, కట్టూ అని. నాకు అనుకరణ బాగా వచ్చు. హాలు విరగబడి నవ్వింది. ఎవరో ఫోన్ తీసి, ఇంకొక్కసారి బాబాయ్ అన్నారు. ఇంకొక్కసారి అన్నాను. దండం పెట్టి కూచున్నాను.

తువ్వాలు కింద చేయి లేదు. ఇన్నయ్య చేయి వెనక్కి తీసుకుని మెడ గుడ్డ సర్దుకుంటున్నాడు.

రెండో రోజు

పొద్దున ఇడ్లీ బండి దగ్గర అడిగాను, నిన్న నొచ్చుకున్నావా బావా అని. లేదని తల ఊపాడు. నా ప్లేటులో తన చట్నీ వేశాడు. పోయిన ఏడు ఇదే బండి దగ్గర ఇడ్లీలు అమ్మే ఆమెను ఆటపట్టించి, సాంబారు మీద ప్రకటన చెప్పి, నలుగురు గిరాకీలను పిలిచి ఇచ్చాడు. ఆమె అతన్ని గుర్తుపట్టింది. ఇయ్యాల చెప్పవా అన్నా అంది. నేను ఏదో అడ్డం చెప్పాను.

ఆటలయ్యాక ఏటా అందరం ఒక జీపు మాట్లాడుకుని ఎత్తిపోతల జలపాతం దగ్గరికి వెళ్లేవాళ్లం. ఈసారి ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎవరి బస్సు టైము వాళ్లు కనుక్కుంటున్నారు.

ఆఖరి ఆట ఇన్నయ్యకూ సీతారావమ్మ గారికీ. హాల్లో మిగిలిన వాళ్లంతా చుట్టూ నిలబడ్డారు. ఆమె పులులు మాటిమాటికీ దూకవు. కూచుని ఉంటాయి. మేకలే కంగారు పడి దగ్గరికి పోతాయి. ఇన్నయ్య మేకలు పోలేదు. ఒక్కొక్కదాన్నీ పెట్టి, గీత మీద సరిగ్గా ఉందో లేదో గోటితో సర్దాడు. మూడు మేకలు పోయాయి. ఆ తర్వాత ఆమెకు ఒక్కటీ దొరకలేదు. ఒక పులి మూలన ఇరుక్కుంది. రెండోది ఇరుక్కుంది. బోర్డు పైకొసన, కొండ కొమ్ము అనేచోట ఉన్న మూడో పులికి ఒకే దారి మిగిలింది. ఇన్నయ్య చాలాసేపు చూసి, ఆ దారిలో మేకను జరిపాడు.

ఆమె బోర్డంతా చూసింది. వెనక్కి వాలింది. పద్ధతి ప్రకారం అడిగింది, ఏమన్నా చెప్పేదుందా అని.

తువ్వాలు కింద నా వేళ్లను ఇన్నయ్య నొక్కాడు. గట్టిగా, రెండుసార్లు. నేను ఏ వేషమూ వేయకుండా, కూచునే, చిన్నగా, "కట్టు" అన్నాను. సీతారావమ్మ గారు పులుల్ని తనే తీసి ఇన్నయ్య చేతిలో పెట్టింది. బాగా కట్టినావు నాయనా అంది. బహుమతి స్టీలు బిందె. ఇన్నయ్య దాన్ని నెత్తిన బోర్లించుకున్నాడు. చిన్నపిల్లాడిలా. దాని లోపల్నించి నవ్వు చప్పుడు వచ్చింది. మేమంతా విన్నాం.

ఒట్టు సంగతి

ఒట్టు వేశాను గనక ఇక్కడ ఆపేస్తే చెన్నకేశవుడు ఊరుకోడు. చెప్పు సంగతి నిజం. లారీ డ్రైవరు నిజం. కుక్కలూ నీడలూ నిజం. నేను కల్పించింది ఆఖరి ఆటలో తువ్వాలు కింద చేయి నొక్కిన దగ్గర్నించి బిందె దాకా, ఆ ముక్క ఒక్కటే.

ఇన్నయ్య నొక్కలేదు.

సీతారావమ్మ గారు మొదటిసారి అడిగినప్పుడు, చూసుకోలేదేమో అనుకున్నాను. అతను చూశాడు. నాకంటే ముందే చూశాడు. రెండోసారి ఆమె అడగడానికి చానాసేపు ఆగింది. బోర్డు కేసి కాదు, అతని మొహం కేసి చూస్తూ అడిగింది. నేను కింద నా వేళ్లతో అతని వేళ్లను కదిపాను. అతని చేయి నా చేతిలో ఉంది. ఉందంతే.

మూడోసారి ఆమె నన్ను చూసి అడిగింది. నా నాలుక మీదే ఉంది ఆ మాట. గుడ్డ కింద ఏం జరిగిందో చూసినవాడు లేడు. పుట్టి బుద్ధెరిగాక ఇంత తేలికైన అబద్ధం నాకు దొరకలేదు. హాలంతా నేను చెప్పాలనే చూస్తోంది. ఆమె కూడా చెప్పమనే చూస్తోంది. కానీ పక్కన ఇన్నయ్య నావైపు తిరిగి, నా నోటికేసి చూస్తున్నాడు, నిన్న నేను దాన్ని ఎంత వెడల్పున తెరిచానో కొలుస్తున్నట్టు. నేను చెప్పలేదు.

ఇన్నయ్య తువ్వాలు కిందనుంచి చేయి తీసుకున్నాడు. పద్ధతి ప్రకారం మేక జరగాలి గదా. వెతికి వెతికి, దారి బాగా తెరుచుకునే మేకనే జరిపాడు. పులి దూకింది. ఆ తినేసిన మేకను బోర్డు మీంచి తీయడానికి సీతారావమ్మ గారికి చేయి రాలేదు. ఇన్నయ్యే తీసి ఆమె ముందు పెట్టాడు. తర్వాత ఆట ఎంతోసేపు సాగలేదు. బిందె ఈపూరు పోయింది. ఆమె దాన్ని తీసుకునేటప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

తిరుగు బస్సులో ఇన్నయ్య కిటికీ వైపు కూచున్నాడు. తువ్వాలు శెట్టిగారికి ఇవ్వడం మరిచిపోయి నా ఒళ్లోనే ఉంది. బావా, నిన్న అట్టా అనకుండా ఉండాల్సింది అన్నాను. అతను నా మోకాలి మీద తట్టాడు, పోనీలే అన్నట్టు. అలా తట్టకుండా ఉంటే బాగుండేది.

రెంటచింతలలో అతనితోపాటు నేనూ లేచాను. కండక్టరు తొందర పెడుతున్నాడు. వచ్చే ఏడు వస్తావు గదా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. నాకు అర్థంకానట్టు, ఏంది బావా అన్నాను. మెట్టు మీద ఆగి, నాకు బాగా కనపడేట్టు వెనక్కి తిరిగి, నెమ్మదిగా మళ్లీ ఊపాడు.